అమెరికా వెళ్లివచ్చే తల్లిదండ్రులకు: ఐ-94 చూసుకోవడం, రాకపోకల లెక్క దాచుకోవడం

శంషాబాద్‌లో విదేశీ విమానం ఎక్కబోయే ప్రయాణికుడు మామూలుగా ఇమ్మిగ్రేషన్ కౌంటర్ ముందు నిలబడి, పాస్‌పోర్ట్‌లో బయలుదేరిన తేదీ ముద్ర వేయించుకున్న తర్వాతే లోపలికి వెళ్లగలడు. అదే మనిషి అయిదారు నెలల తర్వాత డల్లాస్‌లోనో చికాగోలోనో తిరుగు ప్రయాణానికి వచ్చినప్పుడు అలాంటి కౌంటర్ ఎక్కడా కనిపించదు. సామాను అప్పగించి, భద్రతా తనిఖీ దాటి, నేరుగా విమానం దగ్గరికి నడిచిపోవడమే. నల్లగొండలో మా వీధి నుంచి పిల్లల దగ్గరికి వెళ్లివచ్చిన పెద్దల్లో నలుగురైదుగురు నన్ను అడిగిన ప్రశ్న ఇదే: "వచ్చేటప్పుడు ఎవరూ ముద్ర వెయ్యలేదు సార్, మేము వెళ్లిపోయినట్టు వాళ్లకెట్ల తెలుస్తది?"

తెలుస్తుంది. కానీ ఆ తెలియడంలో మన చేతి పని ఏమీ లేదు, మనకు ఇచ్చే రసీదు కూడా లేదు. ఎవరో పంపిన జాబితాలో మన పేరు సరిగ్గా పడితే మన నిష్క్రమణ నమోదైనట్టు, పడకపోతే లేనట్టు. అందువల్ల ఆ లెక్క ఎలా తయారవుతుందో ఒకసారి తెలుసుకుని, దానికి జోడుగా మన లెక్క ఒకటి మన దగ్గర ఉంచుకోవడం అవసరం.

పదేళ్ల వీసా, ఆరు నెలల గడువు

అన్నిటికంటే ముందు విడదీసి చూడవలసినవి రెండు తేదీలు. పాస్‌పోర్ట్‌లో అతికించిన బీ1/బీ2 వీసాపై, అంటే సందర్శకుల వీసాపై, పదేళ్ల తర్వాతి తేదీ ఉంటుంది. ఆ తేదీ లోపల ఎప్పుడైనా వచ్చి ప్రవేశం కోరవచ్చునన్నది మాత్రమే దాని అర్థం. వచ్చాక ఎన్నాళ్లు ఉండవచ్చునో నిర్ణయించేది, దిగిన విమానాశ్రయంలో వేలిముద్రలు, ఫొటో తీసుకుని ప్రశ్నలు వేసే అధికారి. సందర్శకులకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆ గడువు తేదీ నమోదయ్యే రికార్డు పేరే ఐ-94. తేదీ దాటినా వీసాకు ఇంకా ఎనిమిదేళ్లు ఉంది కదా అన్న ధీమాతో ఉండిపోవడం మన వాళ్లలో నేను చూసిన పొరపాట్లలో అతి ఖరీదైనది.

ఒకప్పుడు ఐ-94 చేత్తో నింపే కాగితం. విమానంలోనే పంచేవారు, దాని కింది ముక్కను అధికారి పాస్‌పోర్ట్‌కు పిన్ను చేసి ఇస్తే, తిరిగి వచ్చేటప్పుడు విమాన సంస్థ సిబ్బంది దాన్ని తీసుకునేవారు. 2013 ఏప్రిల్, మే నెలల్లో విమాన, ఓడ ప్రయాణికులకు ఆ కాగితాన్ని ఆపివేసి, రికార్డును పూర్తిగా కంప్యూటర్‌లోకి మార్చారు. పాస్‌పోర్ట్‌లో వేసే ప్రవేశ ముద్ర కూడా ఈ మధ్య చాలాచోట్ల తగ్గిపోయింది. కాగితం పోయింది కాబట్టి పారేసుకుంటామన్న భయం పోయింది గాని, గడువు ఎప్పటి వరకో కళ్ల ముందు కనిపించే గుర్తు కూడా దానితోపాటే పోయింది. ఇప్పుడు మనంతట మనం వెళ్లి చూసుకుంటేనే తెలుస్తుంది.

చూసుకునే పద్ధతి తేలికే. అమెరికా కస్టమ్స్, సరిహద్దు రక్షణ విభాగాన్ని సీబీపీ అంటారు. దాని వెబ్‌సైట్ చిరునామా ఐ94 డాట్ సీబీపీ డాట్ డీహెచ్‌ఎస్ డాట్ గవ్. చివర గవ్ అన్న మాట ఉన్నదో లేదో తప్పక చూడాలి, ఎందుకంటే ఇదే పనికి డబ్బు వసూలు చేసే ప్రైవేటు సైట్లు వెతుకులాటలో ముందు వరసలో కనిపిస్తాయి. అసలు సైట్‌లో రికార్డు చూసుకోవడానికి రుసుము లేదు. అందులో ఇటీవలి ఐ-94 తీసుకునే భాగాన్ని తెరిచి, పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు, దాన్ని జారీ చేసిన దేశం నింపితే, 11 అక్షరాంకెల ఐ-94 నంబరు, ప్రవేశించిన తేదీ, వీసా తరగతి, గడువు తేదీ కనిపిస్తాయి. దిగిన రెండు మూడు రోజుల్లోనే, ప్రయాణపు బడలిక తీరగానే, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని ముగించి, రెండు ప్రతులు ముద్రించి, ఒకటి పాస్‌పోర్ట్‌లో పెట్టి, ఫొటో ఒకటి ఊళ్లో ఉన్న వారికి పంపాలి.

గడువు తేదీని చదవడంలోనే మన కన్ను మోసపోతుంది. అమెరికాలో ముందు నెల, తర్వాత రోజు రాస్తారు. కాబట్టి 04/06 అంటే అక్కడ ఏప్రిల్ 6, మన అలవాటులో జూన్ 4. ఈ రెండింటి మధ్య రెండు నెలల తేడా ఉంది. తేదీని నెల పేరుతో ఒక కాగితంపై తెలుగులో రాసి, ఫ్రిజ్ తలుపుకు అంటించమని నేను చెబుతాను. తిరుగు టికెట్ ఆ తేదీకి కనీసం పది రోజులు ముందుండాలన్నది నా సలహా; విమానం రద్దయినా, ఒంట్లో బాగా లేకపోయినా కాస్త వెసులుబాటు ఉంటుంది.

పిల్లల ఐ-94తో మన ఐ-94ను పోల్చుకోకూడదు. చదువుకునే వీసాపై ఉన్నవారి రికార్డులో తేదీకి బదులు డీ/ఎస్ అని ఉంటుంది, అంటే చదువు స్థితి కొనసాగినంత కాలం అని అర్థం. "మా అబ్బాయికి తేదీ ఏమీ లేదు, మాకు మాత్రం ఎందుకు పెట్టారు" అని మిర్యాలగూడ నుంచి వెళ్లిన ఒక పెద్దావిడ నాతో ఫోన్లో వాదించారు. ఆమెది సందర్శకుల వీసా. ఆ తరగతికి తేదీ ఉండి తీరుతుంది.

రికార్డులో తరగతి గాని, తేదీ గాని, పేరు గాని తప్పుగా పడితే, పెద్ద విమానాశ్రయాల దగ్గర ఉండే సీబీపీ వారి డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ కార్యాలయాన్ని సంప్రదించి సరిచేయించుకోవాలి. అక్కడ ఉన్నప్పుడే ఇది తేలిక. నల్లగొండకు వచ్చాక కష్టం. అబుదాబి మీదుగా వెళ్లేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: అమెరికా ప్రవేశ తనిఖీ 2014 నుంచి అబుదాబి విమానాశ్రయంలోనే జరుగుతోంది, కాబట్టి ప్రశ్నలు, వేలిముద్రలు అన్నీ అక్కడే అయిపోతాయి, అమెరికాలో దిగాక మళ్లీ కౌంటర్ ఉండదు. అది చూసి మన ప్రవేశం నమోదు కాలేదని కంగారు పడనక్కర లేదు.

వెళ్లిపోయినట్టు ఎలా తెలుస్తుంది

తిరుగు విమానానికి మనం చెక్-ఇన్ చేసేటప్పుడు కౌంటర్‌లోని ఉద్యోగి పాస్‌పోర్ట్‌ను ఒక యంత్రంపై గీస్తారు. అప్పుడు చదివిన పేరు, పుట్టిన తేదీ, పౌరసత్వం, పాస్‌పోర్ట్ నంబరు ప్రయాణికుల ముందస్తు సమాచారమనే జాబితాలో చేరి, విమానం తలుపులు మూసే లోపల సీబీపీకి అందాలి. ఇది చట్టం విమాన సంస్థపై పెట్టిన బాధ్యత. సీబీపీ కంప్యూటర్ ఆ జాబితాలోని ప్రతి పేరునూ అంతకుముందున్న ప్రవేశ రికార్డులతో జత చేసి చూస్తుంది. జత కుదిరితే ప్రవేశం పక్కన నిష్క్రమణ తేదీ పడుతుంది. జత కుదరకుండా గడువు తేదీ దాటితే, మనిషి నల్లగొండలో ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నా, రికార్డు ప్రకారం ఇంకా అమెరికాలోనే ఉన్నట్టు లెక్క.

దీనికి తోడు విమానం ఎక్కే ద్వారం దగ్గర ముఖాన్ని ఫొటో తీసి పాస్‌పోర్ట్, వీసా ఫొటోలతో పోల్చే కెమెరాలు కొన్నేళ్లుగా పెరుగుతూ వచ్చాయి. 2025 డిసెంబర్ 26 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, అమెరికా పౌరులు కాని వారందరినీ ప్రవేశంలోనూ నిష్క్రమణలోనూ ఫొటో తీసే అధికారం ఆ విభాగానికి ఉంది. 14 ఏళ్ల లోపు పిల్లలకు, 79 ఏళ్లు దాటిన వారికి ఇదివరకున్న మినహాయింపు ఫొటో విషయంలో ఇక లేదు. ద్వారం దగ్గర కెమెరా ముందు నిలబడమంటే కళ్లద్దాలు, టోపీ తీసి నిలబడటమే మంచిది, ఎందుకంటే ఆ ఫొటో మనకు కూడా సాక్ష్యమే.

జత కుదరకపోవడానికి మన ప్రాంతంలో ప్రధాన కారణం పేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటి పేరుకు ఒక గడి, అసలు పేరుకు ఒక గడి ఉంటాయి. మన పెద్దవాళ్ల పాత పాస్‌పోర్ట్‌లలో చాలా వాటిలో ఇంటి పేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలో ఉంటుంది. లేదా ఇంటి పేరు బదులు ఒక పొడి అక్షరం మాత్రం ఉంటుంది. ఇంటి పేరు ఖాళీగా ఉన్నప్పుడు అమెరికా వీసాలో పేరును ఇంటి పేరు స్థానంలోకి మార్చి, పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని రాస్తారు. పేరు తెలియదు అన్న మాటకు అది పొడి రూపం. టికెట్ కొన్న ఏజెంటు ఒక తీరుగా, విమాన సంస్థ ఇంకో తీరుగా రాస్తే ఒకే మనిషికి మూడు పేర్లు తయారవుతాయి. ఐ-94 వెతికినా దొరకనప్పుడు పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని కొట్టి చూడాలి. తర్వాత రెండు పేర్లను కలిపి, ఆ తర్వాత గడులను తారుమారు చేసి చూడాలి. నా అభిప్రాయంలో ఇంకా వీసా తీసుకోని వారు ముందుగా పాస్‌పోర్ట్‌లో ఇంటి పేరు విడిగా పెట్టించుకున్నాకే దరఖాస్తుకు వెళ్లాలి. దుబాయి వెళ్లేవారికి కూడా ఇది వర్తిస్తుంది: ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌తో సందర్శక వీసాపై వచ్చేవారిని అనుమతించబోమని యూఏఈ 2022 నవంబర్‌లో ప్రకటించింది, తండ్రి పేరు గాని ఇంటి పేరు గాని పాస్‌పోర్ట్ రెండో పుటలో ఉంటే చాలునని తర్వాత వివరణ ఇచ్చింది.

రెండో కారణం పాస్‌పోర్ట్ మారడం. అక్కడ ఉండగానే గడువు తీరి, భారత కాన్సులేట్‌లో కొత్త పాస్‌పోర్ట్ తీసుకున్నవారు ప్రవేశించింది ఒక నంబరుతో, బయలుదేరేది మరో నంబరుతో. అలాంటివారు చెక్-ఇన్‌లో రెండు పాస్‌పోర్ట్‌లూ చూపించి, తిరిగొచ్చాక రికార్డును మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. మూడోది, విమానంలో కాకుండా నేల మీద దాటడం. నయాగరా చూడబోయి, కెనడా వీసా ఉన్నది కదా అని వంతెన దాటి వచ్చే కుటుంబాలు ఉన్నాయి. రెండు దేశాలు సరిహద్దు రాకపోకల సమాచారాన్ని పంచుకుంటాయి, కాబట్టి ఒక దేశంలోకి ప్రవేశించడమే రెండో దేశం నుంచి నిష్క్రమించినట్టు లెక్క. అయితే ముప్పై రోజులకు మించని అలాంటి షికారుతో అమెరికాలో కొత్తగా ఆరు నెలలు మొదలవుతాయని మాత్రం ఎవరూ అనుకోకూడదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మొదటి ప్రయాణం నుంచి వచ్చిన నెలకు ఊరికే కుతూహలం కొద్దీ మా ఇద్దరి రికార్డులు తెరిచాను. నా ప్రయాణ చరిత్రలో రాక, పోక రెండూ ఉన్నాయి. మా ఆవిడ పేరు మీద రాక ఒక్కటే ఉంది. ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో వచ్చినవాళ్లం. టికెట్‌లో ఆమె పేరు వీసాలో ఉన్నట్టు కాకుండా వేరే వరసలో ఉన్న సంగతి అప్పుడు గమనించాను. అదృష్టవశాత్తు ఆమె బోర్డింగ్ పాస్ చేతిసంచిలో, చింతపండు పొట్లం కింద నలిగి మిగిలి ఉంది. దాన్ని, శంషాబాద్‌లో దిగినప్పటి ముద్ర ఉన్న పుటను స్కాన్ చేసి దాచాం. మూడేళ్ల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు ప్రవేశ ద్వారంలోని అధికారి అడగనే అడిగారు. ఆ రెండు కాగితాలు చూపించాక పది నిమిషాల్లో పంపించారు. అవి లేకపోతే ఆ పది నిమిషాలు ఎన్ని గంటలయ్యేవో నేను చెప్పలేను.

అధికారులు అంత పట్టింపుగా చూడటానికి కారణం చట్టమే. గడువు దాటి ఒక్క రోజు ఉన్నా ఆ వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి వెళ్లిపోయినవారు మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉన్నవారు పదేళ్లు తిరిగి రాకుండా 1996లో చేసిన చట్టం నిషేధం పెట్టింది. నిజంగా అవసరం వచ్చి ఆగవలసి ఉంటే, కూతురి కాన్పు ఆలస్యమైనా, ఆపరేషన్ పడినా, గడువు తీరక ముందే ఐ-539 దరఖాస్తు ద్వారా పొడిగింపు కోరాలి. ఊరికే ఇంకో రెండు నెలలు మనవలతో గడుపుదామని పొడిగింపు అడగడం నాకు సరైన పనిగా కనిపించదు. మరుసటి ప్రవేశంలో ఆ దరఖాస్తు గురించి ప్రశ్నలు వస్తాయి.

ఇంటికి చేరాక చేయవలసిన పని

బోర్డింగ్ పాస్‌లను విమానం దిగగానే చెత్తబుట్టలో వేయడం మన అలవాటు. ఫోన్‌లోని బోర్డింగ్ పాస్ అయితే కొన్నాళ్లకు తనంతట తాను మాయమవుతుంది, కాబట్టి దాన్ని ఫొటోగా దాచాలి. శంషాబాద్‌లో దిగినప్పుడు వేసిన ముద్ర తేదీ కనిపించేలా పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి. ఫాస్ట్ ట్రాక్ ఇమ్మిగ్రేషన్ పేరుతో 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై, 2025 జనవరిలో హైదరాబాద్‌కు కూడా వచ్చిన ఆటోమేటిక్ గేట్ల సౌకర్యం వరస తగ్గిస్తుంది గాని, ఆ దారిన వెళ్లేవారు ముద్ర మీద ఆధారపడకుండా బోర్డింగ్ పాస్‌లనే సాక్ష్యంగా భద్రపరచుకోవాలి.

వచ్చిన రెండు వారాలకు అదే వెబ్‌సైట్‌లో ప్రయాణ చరిత్ర భాగం తెరిస్తే గత పదేళ్ల రాకపోకలు వరసగా కనిపిస్తాయి. చివరి నిష్క్రమణ తేదీ ఉంటే ఆ పుటను ముద్రించి ఫైల్లో పెట్టాలి. లేకపోతే బోర్డింగ్ పాస్, దిగిన ముద్ర, టికెట్ రసీదు, వచ్చిన తర్వాత మన ఊళ్లో జరిపిన బ్యాంకు లావాదేవీ లేదా ఆసుపత్రి చీటీ వంటి తేదీ ఉన్న కాగితాలు కలిపి ఒకచోట ఉంచుకోవాలి.

వీటన్నిటికంటే నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఒక చిన్న నోటుపుస్తకం. ప్రయాణానికి ఒక పుట: బయలుదేరిన తేదీ, విమానం నంబరు, దిగిన ఊరు, ఐ-94 నంబరు, ఇచ్చిన గడువు, తిరిగి వచ్చిన తేదీ. వీసా కోసం నింపే డీఎస్-160 దరఖాస్తులో గడచిన అయిదు అమెరికా ప్రయాణాల తేదీలు, ఉన్న రోజులు అడుగుతారు. మీరు జ్ఞాపకం మీద రాసింది, వాళ్ల కంప్యూటర్‌లో ఉన్నది వేరువేరుగా ఉంటే దాన్ని వాళ్లు మతిమరుపు అనే అనుకుంటారన్న హామీ లేదు.

ఐరోపా, బ్రిటన్, గల్ఫ్

జర్మనీలో చదివే పిల్లల దగ్గరికి వెళ్లేవారికి లెక్క వేరు. ఐరోపాలో తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న షెంగెన్ ఒప్పందంలోని 29 దేశాలకూ కలిపి, ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. ప్రవేశించిన రోజు, బయలుదేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఈ 180 రోజులు క్యాలెండర్ ప్రకారం జనవరి నుంచి మొదలయ్యేవి కావు. ఏ రోజు లెక్క వేస్తే ఆ రోజు నుంచి వెనక్కి చూడాలి. ఇదివరకు పాస్‌పోర్ట్ ముద్రలను వేళ్ల మీద లెక్కపెట్టేవారు. 2025 అక్టోబర్ 12 నుంచి దశలవారీగా ప్రవేశ నిష్క్రమణ వ్యవస్థను, పొడిగా ఈఈఎస్‌ను, మొదలుపెట్టి, 2026 ఏప్రిల్ 10ని పూర్తి అమలుకు గడువుగా పెట్టుకున్నారు. అందులో ముఖచిత్రం, ప్రతి దాటింపు తేదీ, స్థలం నమోదవుతాయి, మిగిలిన రోజులను యంత్రమే లెక్కిస్తుంది. చివరి నిష్క్రమణ తర్వాత మూడేళ్లు ఆ రికార్డు ఉంటుంది. నిష్క్రమణ నమోదు కాకపోతే అయిదేళ్లు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారి, సరిహద్దు దాటకుండానే అమెరికా వెళ్లేవారికి ఈ లెక్కతో పని లేదు.

బ్రిటన్‌లోనూ వెళ్లేటప్పుడు ముద్ర వేయరు; 2015 ఏప్రిల్ నుంచి విమాన, ఓడ సంస్థలు పంపే సమాచారంతోనే నిష్క్రమణను నమోదు చేస్తున్నారు.

గల్ఫ్ విషయంలో పాలమూరు, నారాయణపేట వైపు నుంచి వెళ్లేవారికి ఒక్క హెచ్చరిక. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్ట్ మామూలుగా ఈసీఆర్, అంటే కొన్ని దేశాలకు పనికోసం వెళ్లే ముందు మన ప్రభుత్వ అనుమతి కావలసిన, తరగతిది అవుతుంది. గల్ఫ్ దేశాలు ఆరింటితో సహా 18 దేశాలకు పనికోసం వెళ్లాలంటే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ఈ-మైగ్రేట్ ద్వారా ఆ అనుమతి తీసుకోవాలి, అది ఉన్నదో లేదో శంషాబాద్ కౌంటర్‌లోనే చూస్తారు. విజిట్ వీసాపై పంపి అక్కడ పని ఇప్పిస్తామనే ఏజెంటు మాట నమ్మి వెళ్తే, మన ప్రభుత్వపు లెక్కలో ఆ మనిషి కార్మికుడు కాదు, చూడటానికి వెళ్లినవాడు. జీతం రాకపోయినా, ప్రమాదం జరిగినా ఆ తేడా బయటపడుతుంది. యూఏఈలో గడువు దాటితే రోజుకు 50 దిర్హామ్‌ల జరిమానా పడుతూ పోతుంది, విమానాశ్రయంలో అది కట్టనిదే ఎక్కనివ్వరు.

మన ఇంటికే విదేశీ పాస్‌పోర్ట్ వస్తే

అమెరికాలో పుట్టిన మనవడు వేసవిలో నల్లగొండకు వస్తే, మనకు మనవడే గాని ఇమ్మిగ్రేషన్ దృష్టిలో విదేశీయుడు. భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటే సులభం. వీసాపై వస్తే, 2025 అక్టోబర్ 1 నుంచి విదేశీయులకు ఆన్‌లైన్ అరైవల్ కార్డు వచ్చింది, దాన్ని ప్రయాణానికి ముందే నింపాలి. విదేశీయుడిని ఇంట్లో ఉంచుకున్నవారు 24 గంటల్లో తెలియజేయాలన్న నియమం హోటళ్లకే అనుకుంటారు చాలామంది. సొంత ఇళ్లకు కూడా వర్తిస్తుంది. ఫారం-సి అని అందరూ పిలిచే ఆ సమాచారాన్ని ఆన్‌లైన్‌లో ఇవ్వవచ్చు, సందేహం ఉంటే జిల్లా ఎస్పీ కార్యాలయంలో విదేశీయుల విభాగాన్ని అడగాలి. మనవడి వీసాలో ఒక్కో రాకకు ఎన్ని రోజులో రాసి ఉంటుంది. ఆ రోజులు దాటితే తిరుగు ప్రయాణపు రాత్రి శంషాబాద్‌లో ఆపుతారు, విదేశీయుల నమోదు కార్యాలయపు ఆన్‌లైన్ వేదిక ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో దరఖాస్తు పెట్టి నిష్క్రమణ అనుమతి వచ్చేదాకా విమానం ఎక్కనివ్వరు. కాబట్టి నోటుపుస్తకంలో పిల్లవాడికి కూడా ఒక పుట తీసి, వచ్చిన తేదీ, ఉండగల రోజులు రాసి పెట్టాలి.